ఎక్కాల్సిన ముల్లు, దిగాల్సిన ముల్లు

కొవ్వూరు వైపు నుంచి రోడ్డు కం రైలు వంతెన ఎక్కిన జీపు సగం దూరం రాకుండానే ఆగిపోయింది.

మామూలుగా ఆగలేదు. లోపల ఇనుమును ఇనుము కరిచిపట్టుకున్నట్టు కీచుమని అరిచి, వెనక చక్రాలు రోడ్డు మీద నల్లటి గీతలు గీసి బిగుసుకుపోయింది. స్టీరింగ్ ముందున్న ఏజెంట్ సురేష్‌బాబు తాళంచెవి తిప్పాడు. 'టక్' మంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే. అద్దంలో తెల్లటి ఫారిన్ కారు తాపీగా దగ్గరికొస్తోంది. పక్క సీట్లో ఉన్న వైర్‌లెస్ సెట్లోంచి చీఫ్ గొంతు ఇంకా అరుస్తూనే ఉంది.

"ఆగావేంటి? తొక్కు సురేష్, తొక్కు!"

సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. కింది అంతస్తులో గూడ్సు బండి వెళ్తూ ఉండటంతో ఆ చప్పుడు ఎవరి చెవినా పడలేదు.

* * *

సురేష్ కర్మకాండలు అయిన మర్నాడు ఏజెంట్ ఉదయభాస్కర్ దానవాయిపేటలోని 'గోదావరి కొబ్బరిపీచు ఎగుమతుల సంస్థ' మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. బోర్డు మీద పీచు. లోపల దేశ రహస్య విభాగం, సెక్షన్ నైన్. తలుపు తట్టలేదు. నేరుగా వెళ్లి చీఫ్ శివరామకృష్ణ గారి టేబుల్ మీద ఓ ఇనుపముక్క ధడేల్మని పడేశాడు. టీ కప్పు ఎగిరి పడింది.

"ఏంటయ్యా ఇది?"

"సురేష్ జీపు క్రాంక్ బేరింగ్ సార్. ఇంజన్ విప్పించాను."

"నిన్నెవరు విప్పమన్నారు?"

"ఎవరూ అనలేదు కాబట్టే విప్పించాను. మీరు రిపోర్టులో 'డ్రైవర్ అజాగ్రత్త' అని రాసి చేతులు దులుపుకున్నారు." భాస్కర్ ఇనుపముక్కని ఆయన ముందుకు తోశాడు. "చలిలో రెండ్రోజులు నిలబడ్డ జీపు. లోపల బెల్లప్పాకంలాంటి చిక్కటి ఆయిల్. స్టార్ట్ చేశాడో లేదో 'తొక్కు' అన్నారు మీరు. తొక్కాడు. ఆయిల్ బేరింగుల దాకా ఎక్కనేలేదు. రాపిడికి కరిగి అతుక్కుపోయింది. వాడు చేసిన పాపమల్లా మీ మాట వినడం!"

"వెనక శత్రువు తరుముతుంటే బండి వేడెక్కేదాకా కూర్చుంటారా? ఆలస్యం అమృతం విషం అన్నారు."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు సార్. కూర్చోమనడం లేదు. కూర్చుంటే ఇంజన్ వేడెక్కదు, పెట్రోలు దండగ. స్టార్ట్ అవ్వగానే కదలాలి. కానీ కాలు తేలిగ్గా పెట్టి కదలాలి. కొంత దూరం అలా వెళ్తే ఆ తర్వాత ఎంత తొక్కినా అదే మోస్తుంది. ఈ ముక్క అర్థం కాక ఒక మనిషిని చంపుకున్నాం."

చీఫ్ మొహం కందగడ్డ అయింది. అయినా భాస్కర్‌ని బయటికి పంపలేదు. పంపితే ఈ పని చెయ్యడానికి ఇంకొకడు లేడు మరి. సొరుగులోంచి ఒక ఫొటో తీసి ముందుకు తోశాడు. నీలి కళ్లు, చక్కగా దువ్విన తెల్ల జుట్టు.

"మార్కస్. పైకి సముద్ర సర్వే కన్సల్టెంట్. కాగితాలన్నీ సక్రమం. రెడ్‌హ్యాండెడ్‌గా దొరికితే తప్ప ముట్టుకోలేం. సముద్రం కింద గ్యాస్ ఎక్కడుందో మన వాళ్లలో ఒక్క మనిషికి పూర్తిగా తెలుసు. అంతా ఆవిడ బుర్రలోనే. వీడి ముఠాకి ఆ బుర్ర కావాలి. ఆవిణ్ణి ఎత్తుకెళ్లి సముద్రంలో ఉన్న ఓడ ఎక్కించెయ్యాలని ప్లాన్."

"ఎవరావిడ?"

చీఫ్ కళ్లు దించుకున్నాడు. "డాక్టర్ సత్యకుమారి. సురేష్ అక్కగారు."

భాస్కర్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు శ్మశానం దగ్గర ఆవిడ అతని చొక్కా పట్టుకుని ఒకే మాట అడిగింది: "మా వాడు తొందరపడ్డాడా బాబూ?" జవాబు చెప్పలేక తల వంచుకుని వచ్చేశాడు. చేపల వేటమీద బతికిన ఇల్లు అది. వలలు అమ్మి చదివించారు అమ్మానాన్నలు అక్కనీ, తమ్ముణ్ణీ. తమ్ముడు పోయాడు. ఇప్పుడు అక్క!

"ఆవిడ మీద ఈగ వాలితే," అన్నాడు లేచి నిలబడి, "మార్కస్ సంగతి తర్వాత. ముందు మీ సంగతి చూస్తాను."

* * *

పుష్కర ఘాట్ మెట్ల మీద పెద్ద మీసాల కొబ్బరి వ్యాపారి ఒకడు పడవల వంక చూస్తూ కూర్చున్నాడు. మీసాలు జిగురుతో అతికించినవి. మధ్యాహ్నపు ఎండకి ఒక పక్క ఊడుతున్నాయి. భాస్కర్‌కి అదో చికాకు.

నెమలికంఠం రంగు షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. ఆవిడ నడిచొస్తుంటే తర్పణాలు వదిలే పంతులుగారు మంత్రం మర్చిపోయారు. మార్కస్ సెక్రటరీ శ్రీదుర్గ. జీతం మార్కస్ దగ్గరా తీసుకుంటుంది, సెక్షన్ నైన్ దగ్గరా తీసుకుంటుంది.

"ఈ ఏడు కాయెలా ఉందండి?" అంది.

"కాయదేముందండి, పీచుకే గిరాకీ."

కోడ్ సరిపోయింది. భాస్కర్ రేకు డబ్బా ఒకటి చేతికిచ్చాడు. పైన ఆత్రేయపురం పూతరేకులు, అడుగున అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్. "మూత తీస్తే మీ మాటలన్నీ నా కారులో వినపడతాయి. ఆవిణ్ణి ఎత్తుకెళ్లేది ఎప్పుడు?"

"ఎల్లుండి. అంతర్వేది దగ్గర మరపడవ సిద్ధంగా ఉంటుంది. సముద్రం పోటు మీద ఉండగానే గోదారి సముద్రంలో కలిసే మొగ దాటాలి. పోటు తీసిందంటే పడవ ఇసకమేట మీద కూర్చుంటుంది."

"మీరసలు ఎవరి పక్క?"

శ్రీదుర్గ నవ్వింది. "జీతాలు రెండండి. ప్రాణం ఒక్కటే. దాన్ని ఎటు పెట్టాలో ఆ రోజు చూసుకుంటాను."

ఆ నవ్వు భాస్కర్‌కి నచ్చలేదు.

* * *

అక్కణ్ణుంచి నేరుగా మెకానిక్ పెదబాబు షెడ్డుకెళ్లాడు. డిపార్ట్‌మెంట్ అంబాసిడర్‌కి అక్కడే సర్వీసింగ్. బానెట్ ఎత్తి గొట్టం విప్పి చూసిన భాస్కర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పెదబాబూ! దీని థర్మోస్టాట్ ఏది?"

"పీకేశానండి."

"ఎందుకు పీకావ్?"

పెదబాబు, సూర్యుడు తూర్పున ఎందుకు పొడుస్తాడని అడిగినట్టు చూశాడు. "మన ఎండలకి అదెందుకండి బాబుగారూ? ఎప్పుడో పట్టేసి బండి మరిగిపోద్ది. ఈ చుట్టుపట్ల ఏ షెడ్డులోనైనా వచ్చిన బండికి ముందు అది పీకేసే తర్వాత పనండి. ఒకళ్లు చెప్పక్కర్లేదు."

"ఓరి నీ తెలివి తగలెయ్య! అది రూపాయి బిళ్లంత తలుపయ్యా. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ రేడియేటర్ నీళ్లని లోపలికి రానివ్వదు. ఆ తలుపు పీకేస్తే చలికాలం పొద్దున్న పొయ్యి మీద కుండలో చెంబుతో చన్నీళ్లు పోస్తూ ఎసరు కాగలేదని ఏడ్చినట్టే! ఎంత దూరం పోయినా వేడెక్కదు. తెచ్చి బిగించు. ఇప్పుడే! ఆ చిక్కటి ఆయిల్ కూడా తీసిపారెయ్!"

"అట్టాగేనండి, కోప్పడకండి. నిన్న ఫారిన్ కారొచ్చిందండి, ఎవరో మేడంగారు ఆయిల్ మార్చమని తెచ్చారు. దానికీ పీకేశాను, ఆవిడ ఏమన్లేదు..."

భాస్కర్ వినడం లేదు. ఆ మాట చెవిన పడింది గాని కోపంలో తలకెక్కలేదు. పెదబాబు డబ్బాలో చెయ్యిపెట్టి కెలుకుతుంటే ఆ గలగల చప్పుడే వినపడుతోంది. డబ్బా నిండా ఊరందరి కార్ల థర్మోస్టాట్లు.

* * *

ఎల్లుండి అంది శ్రీదుర్గ. వాళ్లు మర్నాడే వచ్చారు.

ధనుర్మాసపు మంచు ఇంకా విడవలేదు. డాక్టర్ సత్యకుమారి ఇంటి ముందు కలెక్టరాఫీసు జీపులాంటి జీపు, డవాలీ కట్టిన బంట్రోతు వేషం, సీలు వేసిన కవరు. కాపలా కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టి మరీ గేటు తీశాడు. ఆవిడ బయటికొచ్చి జీపెక్కింది. జీపు వీధి మలుపు తిరిగేసరికి అక్కడ తెల్ల కారు తలుపు తెరుచుకుని ఉంది.

"భాస్కర్! ధవళేశ్వరం వైపు వెళ్లారు!" వైర్‌లెస్‌లో చీఫ్ కేక. "రేపటి పనే కదా అని మన బళ్లన్నీ ఇంకా కాకినాడలోనే ఉన్నాయి. నువ్వొక్కడివే. తొక్కు!"

శ్రీదుర్గ మోసం చేసింది! పళ్లు పటపట కొరుకుతూ భాస్కర్ అంబాసిడర్‌లోకి దూకి స్టార్ట్ చేశాడు. రాత్రంతా మంచులో తడిసిన బండి. దగ్గింది, పట్టుకుంది. డాష్‌బోర్డు మీద రెండు ముళ్లు. నీళ్ల వేడి చూపించే ముల్లు అడుగున పడుకుని ఉంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు పైగీత దగ్గర నిక్కబొడుచుకుని ఉంది. చలికి చిక్కబడ్డ ఆయిల్ గొట్టాల్లో కదల్లేక మొరాయిస్తోందని దానర్థం.

ఎక్కాల్సిన ముల్లు ఎక్కాలి. దిగాల్సిన ముల్లు దిగాలి. అప్పుడే తొక్కాలి.

ఒక్క క్షణం కూడా నిలబెట్టకుండా కదిలాడు. కానీ యాక్సిలరేటర్ మీద కాలు గుడ్ల మీద పెట్టినట్టు పెట్టాడు. ఆటోలు దాటిపోతున్నాయి. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలతను ఒకడు కాసేపు పక్కపక్కనే తొక్కి, లోపలికి తొంగి చూసి, "కారు కొత్తగా నేర్చుకుంటున్నారా అండీ?" అని పరామర్శించి ముందుకెళ్లిపోయాడు. భాస్కర్ మెడ నరాలు ఉబ్బాయి. మనిషి లోపల కుతకుత ఉడికిపోతున్నాడు. ఇంజన్ మాత్రం చల్లగా ఉంది. ఇంతకంటే నరకం ఇంకేం ఉంటుంది!

"ఎక్కడున్నావ్?" చీఫ్.

"ధవళేశ్వరం."

"ఇంకా ధవళేశ్వరమా? ఎడ్లబండి మీద వెళ్తున్నావా?"

"నీళ్ల ముల్లు సగానికొచ్చింది సార్. బ్యారేజీ ఎక్కుతున్నాను."

"సగానికొచ్చిందిగా, ఇంకేం! తొక్కు!"

"నీళ్లు తొందరగా కాగుతాయి సార్. ఆయిల్ తర్వాతెప్పుడో కాగుతుంది. ఆయిల్ ముల్లు ఇంకా దిగలేదు."

"ఇది ఆర్డర్ భాస్కర్! తొక్కు!"

అదే మాట. అదే గొంతు. వంతెన మీద సురేష్ విన్న ఆఖరి మాట. భాస్కర్‌కి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, ఏడుపుతో కాదు, ఉక్రోషంతో.

"తొక్కను! ఒకసారి మీ ఆర్డర్ విని ఆ ఇంట్లో ఒకణ్ణి పోగొట్టుకున్నాం. బండి ఇక్కడ పట్టేసిందంటే ఆవిడ కూడా పోయినట్టే. నోర్మూసుకోండి సార్!" వైర్‌లెస్ మీట కిందికి కొట్టాడు.

ఆ నిశ్శబ్దంలో డాష్‌బోర్డు కింద రిసీవర్ గరగరలాడింది. ఎవరో రేకు డబ్బా మూత తీశారు.

"పూతరేకు తింటారా మిస్టర్ మార్కస్?" శ్రీదుర్గ గొంతు. ఇంగ్లీషులో.

"వద్దు." ముక్తసరి గొంతు. "ఈ ముల్లు ఎందుకు కదలడం లేదు? ఇంత దూరం వచ్చాం. ఇంకా అడుగు గీత దగ్గరే ఉంది."

"చలి కదా."

"మా దేశంలో మంచు గడ్డకట్టే చలిలో కూడా ఈపాటికి సగానికొస్తుంది."

"మరి వేగంగా పోదామా? పోటు ఉండగానే పడవ దగ్గరికి చేరాలి. కానీ... ఆ వంతెన మీద జీపు గుర్తుంది కదా మీకు. చల్లటి ఇంజన్ తొక్కితే ఏమైందో."

మార్కస్ చిన్నగా నవ్వాడు. "గుర్తుంది. వెధవ. తన చావు తనే కొనితెచ్చుకున్నాడు. నేను ఆ తప్పు చెయ్యను. వెనకెవరూ లేరు, పోటుకి టైముంది. ముల్లు సగానికి వచ్చేదాకా నలభై దాటను."

వెధవ! సురేష్‌ని! స్టీరింగ్ మీద భాస్కర్ వేళ్లు తెల్లబడ్డాయి. కాలు తనంతట తానే బరువెక్కబోయింది. బలవంతాన ఆపుకున్నాడు. చచ్చినవాడి పేరెత్తి నవ్విస్తోంది, ఈ ఆడది మనిషేనా!

అప్పుడు తట్టింది. ఫారిన్ కారొచ్చిందండి. ఎవరో మేడంగారు. దానికీ పీకేశాను. ఆవిడ ఏమన్లేదు.

"ఓసి నీ అసాధ్యం కూలా!" అన్నాడు భాస్కర్ పైకే. ఆ ముల్లు ఇవాళ కాదు, ఇంకో వారానికి కూడా సగానికి రాదు. శ్రీదుర్గ తన ఒక్క ప్రాణాన్ని ఎటు పెట్టిందో ఇప్పుడు తెలిసింది. ముల్లును నమ్మి నడిపేవాడి చేతికి ఎక్కని ముల్లు ఇచ్చింది. ముందురోజు తీసుకెళ్తారని ఆమెకీ చివరి నిమిషం దాకా చెప్పలేదన్నమాట.

బొబ్బర్లంక దాటాడు. చల్లటి ఇంజన్లో కొట్టుకునే ట్యాపెట్ల టకటక ఎప్పుడో సద్దుమణిగింది. చెవికి ఇంజన్ మోత గరుకు పోయి నున్నగా వినిపిస్తోంది. డాష్‌బోర్డు వంక చూశాడు. ఆయిల్ ముల్లు పైగీత వదిలి, మెల్లగా, మెల్లగా మధ్యకు దిగి అక్కడ స్థిరపడింది.

"ఇప్పుడు చూడరా సురేష్," అన్నాడు.

నేలకంటా తొక్కాడు.

అంబాసిడర్ గర్జించింది. ఎడంపక్క కాలవ, కుడిపక్క అరటితోటలు ఒక్కటే పచ్చటి చారగా మారిపోయాయి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్లు బోర్లించిన కుండల మీంచి తలలెత్తి చూసేలోపే దాటిపోయింది. లొల్ల లాకులకి ఇవతల మంచులో రెండు ఎర్ర దీపాలు కనపడ్డాయి.

రిసీవర్లో మార్కస్ గొంతు మారిపోయింది. "వెనక కారు! ఎవరది?"

సరిగ్గా ఆ క్షణానికి భాస్కర్ పక్కకొచ్చేశాడు. అద్దంలోంచి స్పష్టంగా కనపడింది. వెనక సీట్లో నోటికి ప్లాస్టర్‌తో సత్యకుమారి. ముందు మార్కస్, పక్కన శ్రీదుర్గ. పారిపోవాలంటే వాడు ఆ క్షణమే తొక్కాలి. ఆ కారు ముందు అంబాసిడర్ ఎందుకూ చాలదు. కానీ వాడి తల కిందికి వంగింది. అలవాటు! ముల్లు ఎక్కడుందో చూసుకున్నాడు.

ఆ అరక్షణం చాలు. భాస్కర్ ముందుకు దూసుకెళ్లి లాకుల వంతెన మొదట్లో బండిని అడ్డంగా తిప్పేశాడు. తెల్లకారు బ్రేకులు కీచుమన్నాయి. పక్కకి జారి, ముందు చక్రాలు రెండూ కాలవగట్టు దాటి గాల్లోకి వేలాడాయి.

భాస్కర్ దిగి పరిగెత్తుకొచ్చేలోపే మార్కస్ పిస్టల్ తీసి వెనక్కి తిరిగాడు. సత్యకుమారి నుదుటికి గురిపెట్టి అరిచాడు. "ఒక్క అడుగు వేశావంటే..."

మిగతాది అనలేకపోయాడు. పూతరేకుల డబ్బా అంచు వాడి మణికట్టు మీద పడింది. పిస్టల్ సీటు కిందికి జారింది. రెండో దెబ్బ చెవి మీద. కారు నిండా తెల్లటి రేకుల పొడి, బెల్లం, నెయ్యి. చీర కుచ్చిళ్లలోంచి తీసిన చిన్న పిస్టల్ వాడి మెడకి ఆనించి శ్రీదుర్గ అంది: "తినమంటే తినలేదు."

భాస్కర్ వెనక తలుపు లాగి సత్యకుమారిని గట్టు మీదకి దించాడు. ప్లాస్టర్ తీశాడు. ఆవిడ ఊపిరి తీసుకుంది. తర్వాత నేరుగా మార్కస్ దగ్గరికి నడిచి, లాగిపెట్టి చెంప మీద కొట్టింది. కాలవలో స్నానం చేస్తున్న గేదె తలెత్తి చూసింది.

"మా తమ్ముడు వెధవ కాదురా," అంది తెలుగులోనే. వాడికి భాష రాకపోయినా విషయం బోధపడింది.

"అక్కా," అన్నాడు భాస్కర్. ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన మాట ఇప్పుడు బయటికొచ్చింది. "ఆ రోజు నువ్వు అడిగావు. వాడు తొందరపడలేదక్కా. తొందరపెట్టారు. వాణ్ణి తొక్కమన్నారు, తొక్కాడు. తప్పు మాది."

ఆవిడ గట్టు మీద కూర్చుండిపోయింది. పమిటతో మొహం తుడుచుకుంది. "ఆ మాట కాగితం మీద రాయించు," అంది.

చేతులకి బేడీలు పడ్డాక కూడా మార్కస్ కళ్లు తన కారు డాష్‌బోర్డు మీదే ఉన్నాయి. "ఒక్కటి చెప్పు. ఆ ముల్లు ఎందుకు ఎక్కలేదు? ఎవరు పాడు చేశారు?"

"ఎవరూ పాడు చెయ్యలేదు," అంది శ్రీదుర్గ బెల్లం అంటిన వేళ్లు తుడుచుకుంటూ. "సర్వీసింగ్‌కిచ్చాను, అంతే. మా వైపు మెకానిక్‌కి ఏం చెయ్యాలో చెప్పక్కర్లేదు. ఏం చెయ్యొద్దో చెప్పాలి. నేను చెప్పలేదు."

అంబాసిడర్‌లో వైర్‌లెస్ మీట పైకెత్తాడు భాస్కర్. చీఫ్ గొంతు ఈసారి తగ్గి ఉంది.

"భాస్కర్... శభాష్. ఢిల్లీ నుంచి ఫోన్. వెంటనే బయల్దేరి ఆఫీసుకి వచ్చెయ్."

"సురేష్ రిపోర్టులో 'డ్రైవర్ అజాగ్రత్త' కొట్టేసి 'ఆర్డరిచ్చినవాడి అజాగ్రత్త' అని రాశారా సార్?"

అవతల సొరుగు లాగి కాగితాలు తిరగేసిన చప్పుడు.

"...రాస్తాను."

"రాయండి. మీరు రాసేదాకా ఇక్కడే ఉంటాను." బానెట్ మీంచి ఇంకా ఆవిర్లు లేస్తున్నాయి. భాస్కర్ దానికి ఆనుకుని, నిన్నటి వేషంలో మిగిలిపోయి ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న మీసం పీకి కాలవలో పారేశాడు. "ఇంత తొక్కాక బండి చల్లారాలి కదండీ. నేను చల్లారడానికి ఇంకొంచెం ఎక్కువ టైం పడుతుంది."